ప్రజాపిత బతికి తీరాలి

కెనడాలోని హామిల్టన్‌లో యూనివర్సిటీకి ఎదురుగా ఉన్న కాఫీ షాపులో, కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన రెండో గుక్క మింగాడు. మూడోది మింగలేదు. తల టేబుల్ మీద వాల్చేశాడు. చుట్టూ పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలే. పాపం నిద్రపోతున్నాడనుకున్నారు. టేబుల్ తుడవడానికొచ్చిన అమ్మాయి భుజం తట్టేదాకా ఆయన పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున మార్కమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మీటింగ్ రూమ్‌లో ఆ ముసలాయన ఫోటో స్క్రీన్ మీద పడింది. కంపెనీ బోర్డు పైపైకే. లోపల జరిగేది వేరే, ప్రభుత్వ గూఢచారి పని. ఆ పనికి హెడ్ రాజగోపాల్. చూస్తే రిటైరైన ఇంజనీరులా ఉంటాడు. వేసుకునే స్వెటరు కూడా అలాంటిదే.

"ఒర్దానియా మాజీ ప్రెసిడెంటు దగ్గర డ్రైవరుగా చేశాడు," అన్నాడు రాజగోపాల్. "ఎంక్వయిరీ కమిషన్‌కి మన సాక్షి. కాఫీలో ఏమీ లేదు ధరణమ్మా. ల్యాబ్ రెండుసార్లు చూసింది. విషం కప్పు అంచుకి పూశారు."

టేబుల్‌కి అవతల కూర్చున్న ధరణికి ముందు వచ్చింది పోయినవాడి మీద జాలి కాదు. "ఆ షాపులో మా భవిత కూడా తాగుతుందండీ. దాని కాలేజీ అక్కడే," అంది. అని ఆగకుండా కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఐ యామ్ ఇన్ క్లాస్."

"కాఫీ తాగావా?"

"వాట్?"

"తాగకు. ఇంటి నుంచి ఫ్లాస్కులో పట్టుకెళ్ళు. కప్పులు ఎవరు ఎలా కడుగుతారో ఏమో."

"అమ్మా, ప్లీజ్. యు ఆర్ సో వియర్డ్."

ఫోన్ కట్టయింది. రాజగోపాల్ నవ్వలేదు. ఈ మనిషి భయమే తమ డిపార్ట్‌మెంట్‌కి ఉన్న మంచి ఎక్విప్‌మెంట్ అని ఆయనకి ఎప్పుడో అర్థమైంది. ఇంట్లోంచి అడుగు బయటపెడితే ఏం జరగొచ్చో ఆమె ముందే అంతా ఊహించుకుంటుంది. పదిలో తొమ్మిది జరగవు. ఆ పదోదాని కోసమే ఆయన ఆమెకి జీతం ఇప్పిస్తున్నాడు.

తర్వాతి స్లైడ్ వేశాడు. మెడల్స్ బరువుకి కోటు ఒకవైపు వాలిపోయిన పెద్దమనిషి.

"తెమిర్ ఒర్గాజియేవ్. రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు. సీసం ఫ్యాక్టరీలో కొలిమి పని, అక్కడి నుంచి పార్టీ ఆఫీసు. సోవియట్ యూనియన్ కూలిపోయిన వారానికి ఎర్ర జెండా దింపి, నీలం జెండా ఎగరేసి, అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత లేవలేదు. ప్రతి ఎలక్షన్‌లోనూ దాదాపు అన్ని ఓట్లూ ఆయనవే. ఎదురు పోటీ చేసినవాడు కూడా ఈయనకే ఓటేశానని టీవీలో చెప్పుకున్నాడు. నదికి వాళ్ళమ్మ పేరు పెట్టాడు. పొద్దున్నే లేవలేడని దేశం గడియారాన్నే ఒక గంట వెనక్కి జరిపించాడు. బిరుదు ప్రజాపిత. పెళ్ళి చేసుకున్న ప్రతి జంటకీ ప్రభుత్వ కానుక ఏమిటో తెలుసా? ఆయన ఫోటో."

"తెలుసు," అంది ధరణి. "అది మంచానికి ఎదురుగా తగిలించాలి."

ఒర్గాజియేవ్ గురించి ఆమెకి తెలియనిది లేదు. ఆయన ఉపన్యాసాలు వినీ వినీ ఆ భాష నేర్చుకుంది. పదో క్లాసు చదివిన మనిషి, వంట చేసుకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ, ఒక పరాయి దేశపు నియంత గొంతుని ఏళ్ళ తరబడి విన్నది. పగ అంత ఓపిక ఇస్తుందని ఆమెకి కూడా ముందు తెలియదు.

ఆమె కొడుకు తారక్ ఒర్దానియా రాజధాని కెర్మెన్‌లో మెడిసిన్ చదివేవాడు. గుంటూరులో ఉన్నప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తే పంపించారు. మూడో ఏడు చలికాలంలో జనం రోడ్ల మీదికొచ్చారు, ప్రజాపిత దిగిపోవాలని. పోలీసులు కాల్చారు. దెబ్బతిన్నవాళ్ళకి కట్లు కట్టడానికి హాస్టల్ నుంచి కొందరు స్టూడెంట్లు చౌక్‌లోకి వెళ్ళారు. వాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. శవాలు కూడా ఇవ్వలేదు. అసలు అలాంటి స్టూడెంట్లే లేరన్నారు. ఆ తర్వాతే ధరణి, భర్త, కూతురు మిస్సిసాగా వచ్చారు. ఓల్డేజ్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న ఆమెకి ఒర్దానియా భాష వచ్చని తెలిసి రాజగోపాల్ వెతుక్కుంటూ వచ్చాడు.

"నిరుడు ఆయన హోమ్ మినిస్టరే ఆయన్ని గద్దె దింపాడు," అన్నాడు రాజగోపాల్. "కార్గో ఫ్లైట్‌లో పారిపోయి మన దగ్గర అసైలమ్ అడిగాడు. బదులుగా కమిషన్ ముందు నోరు విప్పుతాడట. చౌక్‌లో కాల్చమన్నది ఈయన. కాల్చి పూడ్చిపెట్టించింది ఆ మినిస్టరు. ఎక్కడ పూడ్చారో ఆ ఇద్దరికే తెలుసు. అందుకే ఈయన నోరు తెరవకముందే చంపాలని కెర్మెన్ నుంచి ఒక ముఠా దిగింది. నల్లగద్ద అంటారు. డ్రైవరు వాళ్ళ మొదటి శాంపిల్."

స్క్రీన్ ఆపేసి, "రూల్ ప్రకారం ఈ అసైన్‌మెంట్ నీకివ్వకూడదు," అన్నాడు.

"ఆయన్ని నేనే చంపేస్తానని మీ భయమా?"

"అవును."

"చంపనండీ. చంపేస్తే నా పిల్లాడు ఎక్కడున్నాడో నాకెవరు చెప్తారు?"

రాజగోపాల్ సామాను టేబుల్ మీద పెట్టాడు. వినికిడి మిషన్‌లా ఉండే రేడియో. మాత్రల డబ్బాలో కెమెరా. ఒక థర్మామీటరు, తినేదాంట్లో, తాగేదాంట్లో ముంచితే విషం లేకపోతే పచ్చ లైటు, ఉంటే ఎర్ర లైటు. "అంతా బాగుంటే 'పాలు పొంగాయి' అను. మనలో ద్రోహి ఉన్నారని తేలితే 'పాలు విరిగాయి'. లోపల మన మనిషి ఒకరున్నారు. జరీనా. ఆయన ఇంటర్‌ప్రెటర్, టీ రుచి చూసేది కూడా ఆమే. ఏడాదిగా మనకి సమాచారం ఇస్తోంది. ఆమెని నమ్మొచ్చు."

"నేను ఎవర్నీ నమ్మనండీ," అంది ధరణి. "అలవాటు లేదు."

*

శాంత అనే పేరుతో, కేర్‌గివర్ నీలం యూనిఫాంలో, ఒర్గాజియేవ్‌ని దాచిన ఎయిర్‌పోర్టు దగ్గరి కాండో ఫ్లాట్‌లో ధరణి అడుగుపెట్టింది. తలుపు దగ్గర ఒక బాడీగార్డు, బెక్ అని, ఆమె టిఫిన్ బాక్సు కూడా విప్పి చూశాడు.

ఒర్గాజియేవ్ కిటికీకి దూరంగా సోఫాలో కూర్చుని ఉన్నాడు. టీవీలో చూసినంత ఎత్తు లేడు. మోకాళ్ళ మీద దుప్పటి. ఆ చేతులే కాల్చమని సంతకం చేశాయనుకుంది ధరణి. బీపీ మిషన్ పట్టీ చుట్టేటప్పుడు ఇంకా నాలుగు చుట్లు బిగించాలనిపించింది. బిగించలేదు. నూట అరవై చూపించింది. అంతే, ఆమె గుండె ఆగినంత పనైంది. వీడు గభాల్న పోతే?

ఆ రోజు నుంచి ప్రజాపిత జీవితం మారిపోయింది. ఉప్పు బంద్. వెన్న బంద్. బాత్రూమ్‌లో జారకుండా రబ్బరు మ్యాట్. కిటికీ సందుల్లోంచి గాలి రాకుండా తువ్వాళ్ళు. దగ్గితే చాలు, ఆమె ఉలిక్కిపడి లేచేది. కన్నతల్లి కూడా అంత కాపలా కాయలేదేమో ఆయనకి. ఇంటికెళ్తూ 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ పట్టుకుని ఒకటే అనుకునేది: బతకాలి వీడు. నూరేళ్ళు బతకాలి. నోరు బాగుండాలి, జ్ఞాపకం బాగుండాలి.

"ఈ ఆడమనిషి నా గార్డులకన్నా ఎక్కువ భయపడుతోంది," అన్నాడు ఒర్గాజియేవ్ తన భాషలో. అర్థం కానట్టు ధరణి దిండు సర్దింది.

జరీనా నవ్వి ఇంగ్లీషులోకి మార్చింది. "ఆయన మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు శాంతా." జరీనా నవ్వితే గదిలో వస్తువులకి కూడా అందం వచ్చేది. తోలుకోటు, మడమల బూట్లు, మందారం రంగు గోళ్ళు. ఆమె వెళ్ళిపోయాక కూడా సెంటు వాసన అరగంట కూర్చునేది. ఒర్దానియా నేషనల్ థియేటర్‌లో నాట్యం చేసేదట. ఆమె చెవిరింగులో మైక్రోఫోన్ ఉందని, అది రాజగోపాల్ పెట్టించిందేనని ధరణికి తెలుసు. అయినా జరీనా వెళ్ళగానే దిండ్లు ఎత్తి చూసేది.

టీ మాత్రం జరీనా చేతుల మీదుగానే. అదొక పూజలా ఉండేది. ఆయనకని వేరే ఉన్న, చెవి లేని గిన్నెలాంటి కప్పు. కెటిల్‌లోంచి అందులోకి టీ పోసి, మళ్ళీ కెటిల్‌లోకే వంపాలి. అలా మూడుసార్లు. అప్పుడే డికాషన్ దిగుతుందని వాళ్ళ నమ్మకం. తర్వాత జరీనా వేరే గిన్నెలో పోసుకుని తాను తాగి చూపించేది. ఆ తర్వాత ఆయనకి.

మొదటి రోజు ధరణి తానే పోయబోయి నిండా పోసింది. మన ఇళ్ళలో అతిథికి సగం కప్పు ఇస్తే పీనాసితనం కదా. బెక్ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ప్రజాపిత మొహం నల్లబడింది.

జరీనా పగలబడి నవ్వింది. "మా దగ్గర గౌరవం ఉన్నవాళ్ళకి సగమే పోస్తాం. మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోస్తే ఏమిటో తెలుసా? తాగి లేచి పో అని. ముప్పై ఏళ్ళలో ఈయనకి అలా పోసినవాళ్ళు మీరొక్కరే. అక్కడైతే మీరీపాటికి జైల్లో ఉండేవాళ్ళు."

"ఇక్కడ కెనడా కదా," అంది ధరణి తల దించుకుని. "సారీ."

*

కమిషన్ ముందుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున మంచు జోరుగా కురుస్తోంది. కింద పార్కింగ్‌లో రాజగోపాల్ మనుషులు వ్యాన్‌లో ఉన్నారు. కమిషన్ కూర్చునే హామిల్టన్ దాకా రోడ్డు క్లియర్ చేయిస్తున్నారు.

ఒర్గాజియేవ్ నల్లకోటు వేసుకున్నాడు. మెడల్స్ పెట్టుకుంటానన్నాడు. వద్దని జరీనా ఒప్పించింది. "ప్రయాణం ముందు టీ తాగకుండా కదలను," అన్నాడు ఆయన.

ధరణి మామూలుగా కెటిల్‌లో థర్మామీటరు ముంచింది. పచ్చ లైటు. "పాలు పొంగాయి," అంది తనలో తాను గొణుక్కుంటున్నట్టు. చెవిలో రాజగోపాల్ గొంతు వినిపించింది. "గుడ్. ఐదు నిమిషాల్లో దింపెయ్యండి."

జరీనా ఒక గిన్నెలో టీ పోసుకుని తాగింది. పెదాలు చప్పరించి, "వేడిగా ఉంది తండ్రీ," అంది. పెట్టెలోంచి ఆయన గిన్నె తీసింది. సగం పోసింది. రెండు చేతులతో అందించింది.

ధరణి ఆయన కోటు బొత్తాలు పెడుతూ ఉండిపోయింది. ఏదో తప్పింది. ఏమిటది? పొయ్యి కట్టేశానా లేదా అని బస్సెక్కాక వచ్చే గుబులు లాంటిది లోపల మొదలైంది. ఇవాళ జరీనా కోటు తీయలేదు. బయల్దేరుతున్నాం కదా, తీయదు. ఇవాళ గోళ్ళకి రంగు లేదు. అది కాదు. వంపలేదు. మూడుసార్లు గిన్నెలోకి పోసి కెటిల్‌లోకి వంపలేదు. తొందరలో మర్చిపోయిందా? ఆ దేశపు మనిషి, దానికంటూ ఉన్న మనిషి, అది మర్చిపోతుందా?

ఆ గిన్నెలోంచి వంపితే గిన్నెకున్నది కెటిల్‌లో కలుస్తుంది. కెటిల్‌లోది తాను తాగాలి. అందుకే వంపలేదు.

హామిల్టన్‌లో ఆ ముసలాయన, ఆ కప్పు అంచు.

ఒర్గాజియేవ్ గిన్నె పైకెత్తాడు.

అప్పుడు ధరణి లోపల ఇంకో మాట లేచింది. ఊరుకో. నువ్వేం చేయక్కర్లేదు. కళ్ళు మూసుకుంటే చాలు. వీడు నీ కళ్ళ ముందే గిలగిల కొట్టుకుంటాడు. ఇన్నేళ్ళు ఇదే కదా అడిగావు. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, ఆమె చేయి బొత్తం దగ్గరే ఆగిపోయింది. కానీ వీడు పోతే తారక్ ఏ మట్టి కింద ఉన్నాడో ఆ సంగతి కూడా వీడితోనే పోతుంది. అంత సులువుగానా?

ఆమె కెటిల్ అందుకుని, ఆయన పెదాల దగ్గరికి వెళ్ళిన గిన్నెలోకి టీ పోసేసింది. నిండా. పొంగి ఆయన వేళ్ళ మీద పడేంతగా.

ప్రజాపిత గిన్నె దించాడు. బెక్ తలుపు దగ్గర్నుంచి రెండంగల్లో వచ్చాడు. "నన్ను పొమ్మంటోంది," అన్నాడు ఒర్గాజియేవ్. "ఇది రెండోసారి."

"తెలియక చేసింది తండ్రీ," అంది జరీనా మెత్తగా. "కారు వచ్చేసింది. తాగండి. దీని సంగతి నేను చూస్తాను." గిన్నె అడుగున వేలు పెట్టి పైకి ఎత్తింది.

ధరణి నోరు తెరిచింది. ఒర్దానియా భాష. ఆయన ఉపన్యాసాల్లోంచే నేర్చిన భాష. మాట తీరు కూడా ఆయనదే.

"తెలిసే పోశాను. ఇవాళ మూడుసార్లు వంపలేదు. ఎందుకు వంపలేదో అడగండి."

ముప్పై ఏళ్ళు కుర్చీ కాపాడుకున్న మనిషికి రెండో మాట అక్కర్లేదు. ఒర్గాజియేవ్ గిన్నె జరీనా వైపు తిప్పాడు. "వంపు. కెటిల్‌లోకి వంపి, నువ్వు తాగు."

జరీనా నవ్వింది. ఈసారి ఆ నవ్వుకి గదిలో దేనికీ అందం రాలేదు. ఆమె చేయి కోటు లోపలికి వెళ్ళింది. బెక్ ఆమెని ఆపలేదు. పక్కకి జరిగి దారిచ్చాడు. వాడు కూడానా.

"రాజగోపాల్ గారూ, పాలు విరిగాయి," అంది ధరణి తెలుగులో. అంటూనే కెటిల్‌లో ఉన్నదంతా జరీనా చేతి మీద కుమ్మరించింది. పిస్టల్ కార్పెట్ మీద పడింది. ధరణి దాన్ని కాలితో సోఫా కిందికి తన్నింది. బెక్ తన పిస్టల్ తీశాడు. ఆమె ఒర్గాజియేవ్ మీద పడి, ఆయన్ని సోఫాతో సహా వెనక్కి పడేసింది. బుల్లెట్ వెళ్ళి గోడలో దిగింది. తలుపు ఊడిపోయింది. మంచు బూట్లతో మనుషులు లోపలికొచ్చారు. బెక్ రెండో బుల్లెట్ కాల్చలేదు.

ఒర్గాజియేవ్ ఛాతీ మీద నుంచి లేవకుండానే ధరణి ఆయన నాడి పట్టుకుని చూసింది. కొట్టుకుంటోంది. అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"ఏడాది నుంచి మన మనిషి అనుకున్నాను," అన్నాడు వాళ్ళ వెనకే వచ్చిన రాజగోపాల్, బేడీలతో వెళ్తున్న జరీనాని చూస్తూ.

"మీరు మంచివారండీ," అంది ధరణి. "అదే మీతో ఇబ్బంది."

జరీనా గుమ్మం దగ్గర ఆగింది. "వాడిని కాపాడావు. నీ కొడుకుని చంపినవాడిని. నాకు తెలుసు నువ్వెవరో. వదిలేస్తావనుకున్నాను."

"నువ్వు వాడిని ఒక్క నిమిషంలో వదిలేద్దామనుకున్నావు," అంది ధరణి. "నాకది చాలదు."

*

వ్యాన్ హామిల్టన్ వైపు మెల్లగా పోతోంది. ఒర్గాజియేవ్ మంచినీళ్ళు అన్నాడు. పక్కనున్న ఆఫీసరు సీసా అందిస్తే తోసేశాడు. "ఆమె ఇవ్వాలి. ఆమె తాగి ఇవ్వాలి."

ధరణి సీసా తీసుకుంది. మూత తిప్పలేదు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు ఆయన. "డబ్బా? ఇల్లా? నా ప్రాణం కాపాడావు."

"మా అబ్బాయి పేరు తారక్. కెర్మెన్ మెడికల్ హాస్టల్. ఎక్కడ?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. దిండ్లు సర్దిన మనిషి, ఉప్పు ఆపేసిన మనిషి. "అది లాయర్ ముందు చెప్తాను. అసైలమ్ కాగితం చేతికి వచ్చాక."

"అలాగే," అంది ధరణి. సీసా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంది. వైపర్లు ఆడుతున్నాయి. ఆయన నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. మళ్ళీ తడుపుకున్నాడు. ఆఫీసరు దగ్గర ఇంకా నాలుగు సీసాలున్నాయి. ప్రపంచం నిండా నీళ్ళున్నాయి. తాగడానికి మాత్రం ఆయనకి ధైర్యం లేదు.

బర్లింగ్టన్ దాటాక నోరు విప్పాడు. "మా అమ్మ పేరు పెట్టిన నది. పాత ఇటుక బట్టీ ఉంది ఒడ్డున. దాని వెనక కందకం. పిల్లలందరూ అక్కడే."

ధరణి ఏడవలేదు. ఆ మాటలు వెనక కారులో ఉన్న రాజగోపాల్‌కి రేడియోలో మళ్ళీ చెప్పింది. అప్పుడు మూత తిప్పి, ఒక గుక్క తాగి, సీసా ఆయన చేతికిచ్చింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత భవితకి ఫోన్ చేసింది.

"అమ్మా? ఆర్ యు ఓకే?"

"అన్నయ్య దొరికాడే," అంది. "ఎక్కడమ్మా?" అంది భవిత, తెలుగులోనే.

ఒర్గాజియేవ్ కమిషన్ ముందు చెప్పినదాంతోనే అసైలమ్ పోయింది, కేసు మొదలైంది. ఆయన్ని కస్టడీలో ఒక ఇంట్లో ఉంచారు. అక్కడ ఎవరు పెట్టినా తినడం లేదని, శాంత పెడితేనే తింటానంటున్నాడని రాజగోపాల్ ఇబ్బందిగా చెప్పాడు. "నువ్వు వద్దంటే నేను అర్థం చేసుకుంటానమ్మా."

"వెళ్తానండీ," అంది ధరణి. "వేళకి తినకపోతే నీరసపడిపోతాడు."

వెళ్ళింది. రోజూ వెళ్తోంది. అన్నం మెత్తగా వండి, తాను ఒక ముద్ద తిని చూపించి, కంచం ఆయన ముందు పెడుతుంది. కంచం పక్కనే ఒక పిల్లవాడి ఫోటో నిలబెడుతుంది. రోజుకొక తల్లి పంపిన ఫోటో. ఈ పిల్లాడి సంగతి చెప్పండి అంటుంది. చెప్పేదాకా చెంచా ఇవ్వదు. ఎవరు పట్టుకున్నారు, ఎక్కడికి తీసుకెళ్ళారు, చివర ఏమడిగాడు, అన్నీ చెప్తేగాని అన్నం లేదు. ఆయన చెప్తాడు. రికార్డరు తిరుగుతూ ఉంటుంది. తిన్నాక బీపీ చూసి, మందులు మింగించి, మెడ దాకా దుప్పటి కప్పి వస్తుంది.

మొన్న చెకప్‌కి వచ్చిన డాక్టరు స్టెతస్కోప్ మడిచి పెట్టుకుంటూ, ఇంత మంచి కేర్ దొరికితే ఈయనకి ఇంకో పాతికేళ్ళు ఢోకా లేదన్నాడు. ఆ మాట విని ఒర్గాజియేవ్ వెక్కి వెక్కి ఏడ్చాడు.